మూడో మనిషి చెమట

యంత్రం కింద నీళ్ళు కారుతున్నాయంటే ఎవరికైనా ముందు గొట్టం మీద అనుమానం రావాలి. సువర్చలకి మొగుడి మీద వచ్చింది.

అలా రావడానికి కారణం లేకపోలేదు. వంటింటి వెనక బాల్కనీలో ఉన్న ఆ వాషింగ్ మెషిన్ అందరిళ్ళల్లో ఉండే రకం కాదు. దాని డ్రమ్ము అడుగున అరచేయంత పొడవున్న సన్నటి పట్టీ ఒకటుంటుంది. ఉతికిన నీళ్ళు బయటికి పోతూ పోతూ ఆ పట్టీని తడిపి వెళ్తాయి. బట్టలకంటిన చెమటని బట్టి అవి ఎవరి బట్టలో, ఆ మనిషి ఒంట్లో ఎలా ఉందో పట్టీ పసిగట్టి, ఫోనుకి కబురు పంపుతుంది. ప్రయోగశాల కాగితాల్లో దానికి ఒక పొడుగాటి పేరుంది గానీ అక్కడ పనిచేసేవాళ్ళందరూ 'నాలుక' అనే అంటారు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని కనిపెట్టింది సువర్చలే. ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో ఇప్పుడు ఆ యంత్రాల్ని పరీక్షకి పెట్టారు. వాటిలో ఒకటి ఆమె ఇంట్లోనే ఉంది. పరీక్ష ముగిసేదాకా కబుర్లు ఇంటివాళ్ళకి కాకుండా ప్రయోగశాలకే వెళ్తాయి, తన ఇంటివి మాత్రం సువర్చల తన ఫోనుకి కూడా వచ్చేట్టు పెట్టుకుంది.

"ఇంక దీన్ని పంపించేద్దాం సువర్చలా," అన్నాడు ఫణిశర్మ. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, గోనెపట్టాతో బాల్కనీ నేల తుడుస్తున్నాడు. "ఈ మడుగులో అమ్మ కాలు జారిందంటే తుంటి విరుగుతుంది. మీవాళ్ళు కొత్తది ఇస్తామంటున్నారు కదా. ఊరికే వచ్చేదానికి ఇంత ఆలోచన దేనికి?"

ఫణి కాలేజీలో చరిత్ర చెబుతాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కాగితం మీద సిరా ఒలికితే తప్ప ఇంకేదీ తుడిచి ఎరగడు. ఎవరూ చెప్పకుండానే అతను గోనెపట్టా పట్టుకున్నాడంటే ఏదో ఉందనుకుంది సువర్చల.

"బాగు చేయిస్తాను," అంది.

"బాగు చేయించి దాచుకోడానికి అదేమైనా మీ తాతగారి గ్రామఫోనా?"

ఆ మాటకి వంటింటి గడప దగ్గర నుంచి అత్తగారు కనకమ్మగారు అందుకున్నారు. "వాడు చెప్పిందీ నిజవేనే అమ్మాయ్. పారెయ్యి. ఆ యంత్రం వచ్చిన దగ్గర్నించీ కొంపంతా తడే. బట్టలుతుక్కోడానికి మనకేం చేతుల్లేవా?"

సువర్చల ఇద్దరి వైపూ చూసింది. ఆ తల్లీకొడుకులకి పప్పులో ఉప్పు దగ్గర కూడా ఒక మాట కుదరదు. అలాంటివాళ్ళు ఒక యంత్రాన్ని వదిలించుకోడానికి ఒకే మాట మీద నిలబడ్డారు. యంత్రం పోతే నాలుక పోతుంది. నాలుక పోతే అందులో ఉన్న జ్ఞాపకం పోతుంది. అందులో ఏముందో ఈ ఇంట్లో తనకొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకుంది. వీళ్ళకీ తెలిసిపోయిందా?

నాలుకలో ఉన్నది మూడో మనిషి.

యంత్రం పెట్టిన రోజున ఇంట్లోవాళ్ళు ఒక పూటంతా కట్టి విడిచిన బట్ట ఒకటి అందులో వేసి, తమ పేరు రాయించుకోవాలి. అప్పట్నుంచి నాలుక ఆ మనిషిని గుర్తుపడుతుంది. ఈ ఇంట్లో రెండే పేర్లు రాయించారు. కనకమ్మగారి సంగతి ఎవరూ ఎత్తనైనా లేదు. ఆవిడ మడిచీర ఆవిడే ఉతుక్కుని, ఆవిడే కర్రతో దండెం మీదికెక్కించి, ఆవిడే దించుకుంటారు. ఇంకొకళ్ళ చెయ్యి తగలడానికి లేదు. మోటారు తిప్పే డ్రమ్ములో, కోడలి నైటీలతో, కొడుకు బనీన్లతో ఆ చీర పడటమంటే సింహాచలం కొండ దిగొచ్చి బీచిలో కూర్చోవడమే. కాబట్టి ఆ యంత్రానికి తెలిసిన మనుషులు ఇద్దరే.

మామిళ్ళు పూత మీదున్నప్పుడు మొదటిసారి ఫోనులో కనిపించింది. 'పేరు లేని మనిషి. స్త్రీ.' దాని కింద పసుపుపచ్చ గుర్తు పెట్టి, 'మూత్రపిండాలు, కనిపెట్టి చూడాలి' అని ఉంది. సువర్చల కళ్ళు ఆ రెండో ముక్క మీద నిలవనే లేదు. స్త్రీ అన్న దగ్గరే ఆగిపోయాయి. ఆ బట్టలు ఉతికింది పట్టపగలు, తను ప్రయోగశాలలో ఉన్న వేళలో. ఫణికి వారంలో కొన్ని రోజులు మధ్యాహ్నం పాఠాలుండవు. ఆ తర్వాత వారం మళ్ళీ వచ్చింది. ఆ పై వారం కూడా. కింద నీళ్ళు కారడం మొదలైంది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

ఎవరో ఒకావిడ ఈ ఇంటికొస్తోంది. ఆవిడ వెళ్ళాక దుప్పటో తువ్వాలో ఏదో ఉతకాల్సి వస్తోంది. అది తలుచుకుంటే సువర్చలకి ఒళ్ళు భగ్గుమనేది. అయినా పైకి అనలేదు. చేతిలో రుజువు లేకుండా మాట తూలే మనిషి కాదామె. రుజువు ఆ యంత్రంలో ఉంది, దాన్ని కదలనివ్వకూడదు. అంతే తన మనసులో ఉన్నది.

సోమవారం ప్రయోగశాలలో అన్ని ఇళ్ళ ఫలితాలూ ఒకచోట చేర్చి చూసుకుంటారు. మెహర్ అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే తెరుస్తుంటే, సువర్చల పక్కన నిలబడి చెబుతుంది. పేరున్నవాళ్ళ ఫలితాలు ఉంచాలి, పేరు లేనివి తీసేయాలి. ఇళ్ళకి చుట్టాలొస్తారు, పక్కింటివాళ్ళ బొంత ఒకటి వచ్చి పడుతుంది. అవన్నీ కలిస్తే నాలుక తప్పులు చెబుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఆ నియమం పెట్టారు. పెట్టింది సువర్చలే. మొదట్లో అందరూ శభాష్ అన్నారు కూడా.

"మేడమ్, ఇది చూడండి. ఈ పేరు లేని ఆవిడ గుర్తు ఎర్రగా మారింది," అంది మెహర్. ఇంటి నెంబరు తప్ప ఇల్లెవరిదో ఆ అమ్మాయికి తెలియదు. "పోయినసారి నారింజ రంగులో ఉండేది. 'వెంటనే వైద్యుణ్ణి చూడాలి' అంటోంది. ఆ ఇంటివాళ్ళకి ఒకసారి ఫోన్ చేద్దామా?"

సువర్చల తెర మీద ఆ ఎర్రటి చుక్కని చూసింది. పక్కనున్న నెంబరు తన ఇంటిదే.

"మనం పేరు రాసుకున్న మనిషి కాదు కదా," అంది. "తీసెయ్."

"ఎర్ర గుర్తు మేడమ్."

"నియమం నియమమే. తీసెయ్యమన్నానా?"

మెహర్ తీసేసింది. ఆ చుక్క తెర మీంచి మాయమైంది. కిడ్నీలు పాడవుతున్నాయట. అవనీ. పరాయి ఆడదాని ఇంట్లో పట్టపగలు దూరే మనిషి ఒంట్లో ఏం పాడైతే తనకేం? ఇంకాస్త ఎర్రబడనీ అనుకుంది. అనుకున్నందుకు ఆ రోజు ఏమీ సిగ్గుపడలేదు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ మెకానిక్ వచ్చాడు. పేరు అప్పలనాయుడు. సంచీ కింద పెట్టకుండానే యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పు కాలితో నీళ్ళని ఇటూ అటూ తొక్కి, "ఇది అవదండి మేడమ్. మార్చీడవే," అన్నాడు.

"విప్పకుండానే ఎలా తెలిసింది నీకు?"

"నాకేటి తెల్దండి. పైనించి మాటొచ్చింది. కారినా కారకపోయినా పాతవన్నీ ఎత్తుకొచ్చీమన్నారు. కొత్తవి కింద బండిలో ఉన్నాయి. ఈ వారంలో అందరిళ్ళకీ మార్చీస్తాం. మీది కారతందని ఫోనొచ్చింది గావున ముందు మీ ఇంటికొచ్చినాం."

"ఎవరు చేశారు ఫోను?"

"మీ ఇంటినించేనండి. ఆడమనిషి చేసిందని ఆఫీసోళ్ళు చెప్పేరు. తొందరగా వచ్చి పట్టుకుపొమ్మందంట."

సువర్చల చెయ్యలేదు. ఆవిడెవరో ఇంటికి రావడమే కాదు, తన ఇంటి ఫోనుతో తన యంత్రాన్ని తీసుకుపొమ్మని చెప్పేదాకా వచ్చిందన్నమాట! అప్పలనాయుణ్ణి అక్కడే నిలబెట్టి, ప్రయోగశాల పెద్దాయన రఘోత్తమరావుగారికి ఫోన్ చేసింది. పాతవి ఎందుకు మారుస్తున్నారని అడిగింది.

"కొత్తదాంట్లో నాలుక ఇంకా తెలివైందమ్మా," అన్నాడాయన ఉత్సాహంగా. "పేరు లేనివాళ్ళని అదే తీసేస్తుంది. మన కంటికి కూడా కనపడరు. నీకు సోమవారం చాకిరీ తప్పిపోతుంది. నువ్వు పెట్టిన నియమమే కదా, దాన్నే లోపల కూర్చేశాం."

"మరి పాతవాటిలో ఉన్నదంతా?"

"చెరిపేస్తారు. దేనికింక?"

ఆమె ఫోన్ పెట్టేసి, అప్పలనాయుడితో యంత్రం ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పింది. బాగు చేస్తే చెయ్యి, లేకపోతే వెళ్ళమంది. అతను తల గోక్కుని, "పట్టుకెల్లమనోరు మీవోళ్ళే, వద్దనోరూ మీవోళ్ళే. మళ్ళీ వస్తానండి," అంటూ మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం కనకమ్మగారు దేవుడి గూటి ముందు కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. సువర్చల వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యగారూ, మధ్యాహ్నం పూట మనింటికి ఎవరైనా వస్తున్నారా?"

ఆవిడ చేతిలో వత్తి విడిపోయింది. మళ్ళీ నలపబోతే దూది వేళ్ళకి అంటుకుని మెలిక పడలేదు.

"ఎవరొస్తారూ? ఎవరూ రారు. ఎవరు చెప్పేరు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నాలు మెషిన్ తిరుగుతోంది. ఎవరు వేస్తున్నారా అని."

"నాకేం తెలుసే? నేను ఆ పక్కకే వెళ్ళను. భోంచేసి కాసేపు నడుం వాలుస్తాను కదా." ఆవిడ ముఖం పక్కకి తిప్పేసుకున్నారు. "దాన్ని పారెయ్యమని చెప్పేనా లేదా? నా మాటెవరు వింటారు ఈ ఇంట్లో."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అబద్ధం చెబుతుంటే చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. సువర్చలకీ తెలిసింది. తెలిసి, అర్థం మాత్రం తనకి కావలసినట్టు చేసుకుంది. కొడుకుని కాపాడుకుంటోంది. ఆచారాలూ మడీ తడీ అన్నీ తన దగ్గరే, కొడుకు ఎవర్ని తెచ్చుకున్నా కళ్ళు మూసుకుని పడుకుంటుంది. ఇన్నేళ్ళు ఆవిడ మడికి అడ్డం రాకుండా ఒదిగొదిగి నడిచిన తనకి ఇదా మర్యాద?

భోజనాల దగ్గర ఫణిని కూడా కదిపి చూసింది.

"మీరు పాఠాల్లేని రోజుల్లో మధ్యాహ్నం ఎక్కడుంటున్నారు?"

"లైబ్రరీలో. ఏం?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివి కాదే నువ్వు," అన్నాడు ఫణి. కాసేపు ఆమెనే చూసి, మజ్జిగ కలుపుకున్నాడు. అతని చూపులో కూడా అనుమానం ఉంది. తన భార్య ఇన్ని నెలలుగా ఫోను ఎందుకు బోర్లించి పెడుతోందో అతనికీ తెలియదు మరి.

ఇంక ఆ ఇంట్లో ముగ్గురూ ఒకళ్ళ అడుగుల చప్పుడు ఒకళ్ళు వింటూ తిరగడం మొదలుపెట్టారు.

ఆ గురువారం సువర్చల ప్రయోగశాలలో ఉండగా ఫోను గుర్రుమంది. యంత్రం తిరుగుతోందని కబురు. ఫణికి ఆ రోజు మధ్యాహ్నం పాఠాల్లేవు. చేస్తున్న పని మెహర్‌కి అప్పజెప్పి, కోటు కూడా విప్పకుండా ఆటో ఎక్కింది. దారంతా ఏమనాలో మాటలు కూడబెట్టుకుంది. మొదట ఆవిడతో మాట్లాడాలి, ఆ తర్వాత మొగుడితో. అత్తగారితో అసలు మాటే అక్కర్లేదు, ఒక్క చూపు చాలు.

గుమ్మం ముందు కొత్త చెప్పులేమీ లేవు. లోపల దాచుకున్నారనుకుంది. తన దగ్గరున్న తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీసింది. పడకగది తలుపు బార్లా తెరిచి ఉంది. పక్క మీద దుప్పటి పొద్దున తను పరిచినట్టే ఉంది. ఫణి లేడు. ఎవరూ లేరు. వంటింటి వెనక మాత్రం నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

బాల్కనీ అంతా తెల్లటి నురగ. గడప దాకా వచ్చేసింది. యంత్రం ఆగిపోయి తలుపు తెరిచి ఉంది. దాని పక్కనే పీట మీద కనకమ్మగారు కూర్చుని ఉన్నారు. ఒడిలో తడి చీర ఉంది. దాని ఒక కొస రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టాలని చూస్తున్నారు. వేళ్ళు వంగడం లేదు. పక్కన ఇత్తడి చెంబులో కుంకుడు రసం, అడుగున నలిగిన తొక్కలు.

కోడల్ని చూసి ఆవిడ లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయారు.

"పిడికిలి బిగియడం లేదే అమ్మాయ్," అన్నారు చివరికి. "చలి రోజుల్నించీ ఇంతే. చీర పిండలేకపోతున్నాను. ఎవరికైనా ఇద్దావంటే మడి పోతుంది. నీకిద్దావంటే నువ్వు ఆఫీసుకి పరుగెత్తుతావు. ఈ యంత్రంలో పడేస్తే అదే పిండి పెడుతుంది కదా అని... సబ్బుపొడిలో ఏ కొవ్వు కలుపుతారో ఏవో, అందుకని కుంకుడు రసం పోస్తున్నాను. అది ఇలా నురగ కక్కేస్తోంది. తీసేక మళ్ళీ బకెట్లో ముంచి ఆరేస్తాను, చేత్తో ఉతికినట్టు కనిపించాలని."

"మెకానిక్‌కి ఫోన్ చేసింది కూడా..."

"నేనే. నా వల్లే పాడైందని మీకు తెలిసేలోపు పట్టుకుపోతారని." ఆవిడ గొంతు చిన్నదైపోయింది. "ఫణికి చెప్పకే. వాళ్ళ నాన్నగారు పోయిన దగ్గర్నించీ నాకంటూ ఉన్నది ఈ మడొక్కటే. అదీ యంత్రంలో పడేసేనంటే వాడు నవ్వుతాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

సువర్చల గోడకి ఆనుకుంది. ముందు నవ్వొచ్చింది. నిజంగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరూ లేరు. ఏ ఆడదీ లేదు. మొగుడు లైబ్రరీలోనే ఉంటాడు. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారి ఆరిపోయి ప్రాణం తేలికపడింది.

అప్పుడు చేతిలో ఫోను కదిలింది. ఆ ఉతుకు ఫలితం వచ్చింది. 'పేరు లేని మనిషి. స్త్రీ.' కింద ఎర్ర గుర్తు.

ఆమె నురగలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఎదురుగా పీట మీద నుంచి అత్తగారి పాదాలు కనిపిస్తున్నాయి. వాచి నునుపు తేలాయి, మట్టెల చోటి గుర్తులు కూడా కనపడటం లేదు. సువర్చల చెయ్యి చాచి మడమ పైన వేలితో నొక్కింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

"ఏవిటే అది, మడిలో ఉన్నాను, ముట్టుకున్నావు!" అన్నారు కనకమ్మగారు.

"లేవండి అత్తయ్యగారూ," అంది సువర్చల. "ఆస్పత్రికెళ్దాం."

ఆస్పత్రిలో కిడ్నీల డాక్టరు రక్తపరీక్షల కాగితాలు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత ముదిరేదాకా ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. "చలి తగ్గే రోజుల్లో వచ్చుంటే మందులతో ఆపేవాళ్ళం. ఇప్పుడు డయాలసిస్ తప్పదమ్మా. ఈ వయసులో ఎంతవరకు తట్టుకుంటారో చూడాలి," అన్నాడు.

ఫణి వరండాలో బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. సువర్చల ఏదీ దాచలేదు. పసుపుపచ్చ గుర్తు, నారింజ గుర్తు, ఎర్ర గుర్తు, తను తీసెయ్యమన్న సోమవారం, అన్నీ చెప్పింది. మడిచీర సంగతి కూడా చెప్పి, ఆవిడ దగ్గర తెలియనట్టుండమంది.

"నన్నొక్క మాట అడిగితే పోయేది కదా," అన్నాడు. "నీకు యంత్రం మీద నమ్మకం ఉంది. నామీద లేదు."

అతను జవాబు కోసం ఆగలేదు. లేచి, తల్లికి కొబ్బరినీళ్ళు ఇవ్వొచ్చో లేదో నర్సుని అడగడానికి వెళ్ళాడు.

మర్నాడు గదిలో ఇద్దరే ఉన్నప్పుడు కనకమ్మగారు అడిగారు. మంచం మీద బలహీనంగా ఉన్నారు గానీ కళ్ళు చురుగ్గానే ఉన్నాయి.

"నీ యంత్రానికి నా జబ్బు తెలుసునటగా. నర్సుతో అంటున్నావు, విన్నాను. ఎప్పట్నించి తెలుసు?"

"మామిడిపూత రోజుల్నించి."

"ఇప్పుడు పళ్ళు కూడా అయిపోయేయి. నీకో?"

సువర్చల తల వంచుకుంది. "నాకూ అప్పట్నించే. మీరని తెలీదు అత్తయ్యగారూ. ప్రమాణం. తెలిసుంటే..."

"తెలీదులే. తెలిస్తే ఊరుకునే దానివి కాదు, ఆ మాత్రం ఎరుగుదును. మరి ఎవరనుకున్నావు?"

చెప్పకుండా ఉండలేకపోయింది. ఏ మాటల్లో చెప్పిందో తరవాత ఆమెకే గుర్తులేదు. కనకమ్మగారు నోరు తెరిచి విని, ఆపుకోలేక నవ్వారు.

"మా ఫణికా? చొక్కా బొత్తాలు వరసగా పెట్టుకోవడం చేతకాదు వాడికి! వాడికి నువ్వు దొరకడమే ఎక్కువ, ఇంకొకర్తె కూడానా?"

నవ్వుతుంటే దగ్గొచ్చింది. సువర్చల వీపు నిమిరింది. ఈసారి ఆవిడ ముట్టుకోవద్దనలేదు. దగ్గు తగ్గాక దుప్పటి పైకి లాక్కున్నారు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో నవ్వు లేదు.

"నేనని తెలీదు, సరే. ఎవరో ఒకర్తె అనుకున్నావు. ఆ ఒకర్తెకైనా చెప్పాలి కదే అమ్మాయ్, నీ ఒంట్లో ఇలా ఉందని. చెప్పి, ఆ తరవాత జుట్టు పట్టుకుని కొట్టాల్సింది."

తిట్టినా బాగుండేదనిపించింది సువర్చలకి. ఇన్నేళ్ళూ ఈవిడ అందర్నీ దూరంగా ఉంచే మనిషనీ, తను అందరి ఒంట్లో బాగోగులూ కనిపెట్టే మనిషనీ లోలోపల ఒక గర్వం ఉండేది. అది నిలువునా కూలిపోయింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

"ఏడవడానికేం, తరవాత ఏడుద్దువు గాని," అన్నారు కనకమ్మగారు. "ఆ యంత్రాన్ని పారెయ్యకు. బాగు చేయించు. నా పేరు కూడా రాయించు. పూర్తి పేరు రాయి, కనకమహాలక్ష్మి అని. అన్నట్టు, మడి సంగతి ఫణికి చెప్పలేదు కదూ?"

"చెప్పలేదు," అంది సువర్చల.

అక్కణ్ణుంచి తిన్నగా ప్రయోగశాలకి వెళ్ళింది. దారిలో అప్పలనాయుడికి ఫోన్ చేసి, తన ఇంట్లో యంత్రాన్ని విప్పి శుభ్రం చెయ్యమంది. కుంకుడు తొక్కలు తీసి, రబ్బరు మారిస్తే సరిపోతుందంది. మిగతా ఇళ్ళకి బండి వెళ్ళొద్దంది. "బండి ఇప్పుటికే బయల్దేరీసిందండి మేడమ్," అన్నాడతను.

రఘోత్తమరావుగారు బండి ఆపనన్నాడు. బయటివాళ్ళ జబ్బులు మనకెందుకన్నాడు. ఆ మాట తను మెహర్‌తో అన్న మాటే కావడంతో సువర్చల ఆయన మీద కోప్పడలేకపోయింది. కానీ గదిలోంచి వచ్చి మెహర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మనం తీసేసినవన్నీ తెరువు. పాత యంత్రాలు చెరిపేలోపు తెరువు."

తెర నిండా పేరు లేని మనుషులు. వారం వారం అదే ఇంటి నుంచి అదే మనిషి. చుట్టాలు అన్ని వారాలు ఉండరు, పక్కింటి బొంత ప్రతి వారం వచ్చి పడదు. ఇంట్లో పనిచేసే ఆవిడ తన చీర కూడా అందులోనే పడేసి ఉండొచ్చు. మేడ మీద గదిలో ఉండే ముసలాయన కావచ్చు. ఊరి నుంచి వచ్చి ఉండిపోయిన మేనత్త కావచ్చు. పేర్లు రాయించేటప్పుడు ఇంటివాళ్ళకి గుర్తురాని మనుషులు వీళ్ళు. గుర్తుకొచ్చినా రాయించాలనిపించని మనుషులు. చాలామందికి ఏ గుర్తూ లేదు, బాగానే ఉన్నారు. కొందరి పక్కన పసుపుపచ్చ. అక్కడక్కడా ఎరుపు.

సువర్చల మొదటి ఎర్ర గుర్తు ఉన్న ఇంటికి ఫోన్ చేసింది. సీతమ్మధారలో ఇల్లు. ఒక మగమనిషి తీశాడు. తనెవరో, దేని గురించో చెప్పింది.

"మా ఇంట్లో నలుగురవేనండి," అన్నాడతను. "నలుగురి పేర్లూ రాయించేం కదా. ఇంకెవరూ లేరు."

"ఉన్నారండి. ఐదో మనిషి బట్టలు ప్రతివారం మీ యంత్రంలో పడుతున్నాయి."

అవతల అతను నడిచిన చప్పుడైంది. తలుపు వేసిన శబ్దం వినిపించింది. మళ్ళీ మాట్లాడినప్పుడు అతని గొంతు బాగా తగ్గిపోయింది.

"మగా, ఆడా? ముందది చెప్పండి మేడమ్."

ఆ గొంతులో ఏముందో సువర్చలకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"అది తరవాత," అంది. "ఆ మనిషికి గుండె బాగాలేదు. ఎవరో వెతకండి. ఇప్పుడే, ఇంట్లో ఎవరెవరున్నారో ఒక్కసారి తిరిగి..."

"మా ఆవిడుంది, మా తమ్ముడున్నాడు, మా బాబున్నాడు. ఎవడండీ వాడు? ఎప్పుడొస్తున్నాడు?"

"అయ్యా, ఆ మనిషి ప్రాణం పోతుంది!"

అతను ఫోన్ పెట్టేశాడు. మెహర్ భయంగా ఆమె వైపు చూసింది. సువర్చల మళ్ళీ అదే నెంబరు నొక్కింది.